మన ఒంట్లోని అవాయు బ్యాక్టీరియా, అవి తెచ్చే ఇన్ఫెక్షన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను చెన్నైలో ఒక సూక్ష్మజీవ పరీక్షల ప్రయోగశాలలో పనిచేస్తాను. నెల్లూరు, సూళ్లూరుపేట, చిత్తూరు, తిరుపతి వైపు నుంచి వైద్యానికి వచ్చే కుటుంబాలూ, పెరంబూరు, టీ నగర్ లాంటి చోట్ల తరాలుగా స్థిరపడిన తెలుగువాళ్లూ, నాకు తెలుగు వచ్చని తెలియగానే రిపోర్టు పట్టుకుని నా దగ్గరికి వస్తారు. రిపోర్టు ఇంగ్లిషులో ఉంటుంది. డాక్టరుగారు తమిళంలో చెప్పి ఉంటారు. మధ్యలో ముఖ్యమైన మాట ఒకటి జారిపోతుంది. అలా జారిపోయే మాటల్లో ‘ఎనరోబిక్’ ఒకటి. ఏళ్ల తరబడి అవే సందేహాలు వింటున్నాను కాబట్టి, అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులు రాశాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది, మీకు కావలసిన చోట మొదలుపెట్టవచ్చు. మీ డాక్టరు చెప్పినది సరిగ్గా అర్థం కావాలనే ఇదంతా రాశాను. ఆ సలహా స్థానంలో దీన్ని పెట్టుకోవద్దు.

## ఇవి ఏమిటి, ఎక్కడ ఉంటాయి

రిపోర్టులో ‘ఎనరోబిక్ బ్యాక్టీరియా’ అని ఉంది. అంటే ఏమిటి?

ఆక్సిజన్ లేకుండా బతికే బ్యాక్టీరియా. తెలుగులో అవాయు బ్యాక్టీరియా అంటాం. వీటిలో కొన్నింటికి ఆక్సిజన్ తగిలినా ఇబ్బంది లేదు, కొన్నింటికి మాత్రం అది విషమే. ఆక్సిజన్ వల్ల కణంలో సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి ఘాటైన పదార్థాలు పుడతాయి. వాటిని విరిచేసే ఎంజైములు మన కణాల్లో ఉన్నాయి, ఈ జీవుల్లో చాలావాటికి లేవు, ఉన్నా చాలవు. గాలి లేకుండా కూడా ప్రాణం ఉంటుందని 1861లో లూయీ పాశ్చర్ చూపించాడు. ముక్కిన వెన్న వాసనకు కారణమైన బ్యుటిరిక్ ఆమ్లాన్ని తయారుచేసే జీవులను సూక్ష్మదర్శిని కింద చూస్తుంటే, చుక్క అంచున గాలి తగిలినవి కదలిక మానేశాయి, నడిమధ్యన ఉన్నవి హాయిగా ఈదుతూనే ఉన్నాయి.

ఊపిరి పీలుస్తూనే ఉంటాం కదా, ఒంట్లో ఆక్సిజన్ లేని చోటు ఎక్కడుంది?

చాలా చోట్ల ఉంది. బకింగ్‌హాం కాలువ ఒడ్డున బురదలో కర్ర గుచ్చి చూడండి. పైనున్న నీటిలో కాస్త గాలి ఉంటుంది, జానెడు లోతుకు వెళ్లేసరికి బురద నల్లగా మారి, బుడగలతో పాటు కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. పెద్దపేగు లోపల కూడా అంతే. పేగు గోడ కణాలు తమ దగ్గరికి వచ్చిన ఆక్సిజన్‌ను తామే వాడేసుకుంటాయి. మిగిలిన కొంచెం ఈ. కోలై వంటి బ్యాక్టీరియా తినేస్తాయి. ఇక లోపలి భాగంలో ఆక్సిజన్ దాదాపు ఉండదు. పంటికీ చిగురుకూ మధ్యనున్న సన్నని సందు, చర్మంలో నూనె గ్రంథుల అడుగు భాగం, టాన్సిళ్ల గుంటలు కూడా ఇలాంటివే.

ఎన్ని ఉంటాయి?

మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో వేసిన లెక్క చెబుతోంది. మన సొంత కణాలు సుమారు 30 లక్షల కోట్లు. ఆ బ్యాక్టీరియాలో చాలా భాగం పెద్దపేగులోనే ఉంటుంది, అక్కడ అవాయు జాతులదే రాజ్యం. ఆక్సిజన్‌తో బతకగలిగే వాటి కంటే ఇవి వంద నుంచి వెయ్యి రెట్లు ఎక్కువ. పేగులో బాక్టీరాయిడిస్, బైఫిడోబాక్టీరియం, నోటిలో ప్రివోటెల్లా, ఫ్యూసోబాక్టీరియం, చర్మం మీద క్యూటిబాక్టీరియం అనే పేర్లు రిపోర్టుల్లో తరచూ కనిపిస్తాయి.

ఇవన్నీ చెడ్డవేనా? మందు వేసి మొత్తం కడిగేయలేరా?

కడిగేస్తే మనకే కష్టం. మనం అరిగించుకోలేని పీచును ఇవి పులియబెట్టి బ్యుటిరేట్ వంటి ఆమ్లాలుగా మారుస్తాయి. పెద్దపేగు గోడ కణాలకు ప్రధాన ఆహారం అదే. రాగి సంకటి, గోంగూర, చిక్కుడుకాయ మనకెంతో వీటికీ అంతే. కందిపప్పు, శనగలు తిన్న రోజు కడుపులో గ్యాసు తయారవడం కూడా వీటి పనే. విటమిన్ కె కొంత తయారుచేస్తాయి. అన్నింటికంటే ముఖ్యంగా, ఇవి చోటు నిండా కూర్చుని ఉంటాయి కాబట్టి బయటి నుంచి వచ్చిన రోగక్రిములకు కాలు పెట్టే జాగా దొరకదు.

మనవే అయితే మన మీదకే ఎందుకు వస్తాయి?

ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగాలి, మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ఇవి ఉన్నచోట ఉన్నంతకాలం హాని చేయవు. పేగుకూ, చిగురుకూ, చర్మానికీ పలుచని పొర ఒక గోడలా ఉంటుంది. ఉండుకం (అపెండిక్స్) పగిలినా, పన్ను పుచ్చి వేరు దాకా దారి పడినా, ఆపరేషనులో పేగు కోసినా, దెబ్బ లోతుగా దిగినా ఆ గోడకు కన్నం పడుతుంది. అయినా గోడ దాటిన ప్రతి బ్యాక్టీరియా బతకదు. రక్తం బాగా ప్రవహించే కండలో ఆక్సిజన్ వాటిని చంపుతుంది. రక్తనాళం మూసుకుపోయి కణజాలం చచ్చిపోతే మాత్రం వాటికి ఇల్లు దొరికినట్టే.

దానికి తోడు అవి ఒంటరిగా రావు. వెంట వచ్చిన ఈ. కోలై వంటివి ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ వాడేసి చోటు సిద్ధం చేస్తాయి. అందుకే రిపోర్టులో మూడు, నాలుగు పేర్లు కలిసి కనిపిస్తాయి. వాటిలో బాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్ ప్రత్యేకమైనది. పేగులోని బ్యాక్టీరియాలో దాని వాటా నూటికి ఒకటి కూడా ఉండదు. కడుపులో చీము పట్టినప్పుడు అన్ని అవాయు జాతుల కంటే ఎక్కువగా దొరికేది అదే. దాని చుట్టూ ఉన్న చక్కెర పొర మన తెల్లకణాలను పక్కదారి పట్టించి, చీముగడ్డ కట్టేలా చేస్తుంది.

ఇది అంటుకుంటుందా? పిల్లలను దగ్గరికి రానివ్వవచ్చా?

నిరభ్యంతరంగా రానివ్వండి. ఈ ఇన్ఫెక్షన్లలో చాలావరకు రోగి సొంత బ్యాక్టీరియా వల్ల వచ్చినవే, పక్కవాళ్లకు అంటవు. పుండు కట్టు మార్చాక సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. ఆసుపత్రుల్లో యాంటీబయాటిక్‌ల తరువాత విరేచనాలు కలిగించే క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసైల్ ఒక్కటి ఒకరి నుంచి ఒకరికి పాకగలదు. వాసన చూసి భయపడి పెద్దవాళ్లను వేరే గదిలో ఒంటరిగా పడుకోబెట్టిన ఇళ్లు నాకు తెలుసు. దయచేసి అలా చేయకండి.

## ఏదో తేడాగా అనిపించినప్పుడు

పుండు దగ్గర భరించలేని వాసన. దీనికి గుర్తు అదేనా?

బలమైన గుర్తే. ప్రోటీనును విరిచేటప్పుడు ఇవి హైడ్రోజన్ సల్ఫైడు, పుట్రెసిన్, కెడావరిన్ వంటివి వదులుతాయి. కుళ్లిన మాంసం వాసన కూడా వాటిదే. అయితే వాసన లేనంత మాత్రాన ఇవి లేవని అనుకోకూడదు. వాసనతో పాటు చర్మం నల్లబడుతున్నా, నొక్కితే లోపల గాలిబుడగలు చిటపటలాడినా, నొప్పి గంట గంటకూ పెరుగుతున్నా ఇది అత్యవసరం, తెల్లవారేదాకా ఆగవద్దు.

ఒక మాట. డాక్టరు వచ్చే ముందు అగరుబత్తి వెలిగించి, పుండు మీద పౌడరు చల్లి వాసన కప్పిపెట్టేవాళ్లు చాలామంది. సిగ్గుపడవలసింది ఏమీ లేదు. ఆ వాసన ఏ పరీక్షకంటే ముందుగా వైద్యుడికి దారి చూపుతుంది.

మా అత్తగారికి షుగరు. కాలినడకన తిరుమల వెళ్లి వచ్చాక పాదం కింద పుండు పడింది. నొప్పి లేదంటున్నారు. ఆగి చూడవచ్చా?

ఆగకండి. షుగరు వల్ల పాదంలో నరాలు మొద్దుబారితే నొప్పి తెలియదు, రక్తనాళాలు సన్నబడితే పుండు మానదు. కొత్తగా పడిన పైపై పుండులో సాధారణంగా చర్మం మీది బ్యాక్టీరియానే ఉంటాయి. వారాలు గడిచి లోతుకు దిగి, రక్తం అందని కణజాలం పేరుకుంటే అవాయు బ్యాక్టీరియా చేరతాయి. అక్కడి నుంచి ఎముకకు చేరడం ఎంతో దూరం కాదు. డాక్టరు ఎక్స్‌రే తీయిస్తారు, పాదంలో నాడి చూస్తారు, చచ్చిన భాగాన్ని కోసి తీసేస్తారు. ఆ కోతకు చాలామంది భయపడి వెనక్కి తీసుకెళ్లిపోతారు. చిన్న కోతకు ఒప్పుకోక, తరువాత కాలినే పోగొట్టుకున్నవాళ్ల నమూనాలు నా చేతుల మీదుగా వెళ్లాయి.

పిప్పిపన్ను వాచింది. మాత్రలతో తగ్గిపోయింది. ఇక పన్ను జోలికి వెళ్లకపోయినా పర్వాలేదు కదా?

మాత్ర చీమును అణిచింది, చీము వచ్చిన దారి అలాగే ఉంది. పుచ్చిన పంటి లోపల రక్తప్రసరణ ఉండదు, కాబట్టి మందు అక్కడికి చేరదు. వేరు చికిత్స చేయించడమో, పన్ను తీయించడమో తప్పదు. ముఖ్యంగా కింది దవడలోని చివరి దంతాల చీము నాలుక కిందికి, గొంతులోకి దిగగలదు. 1836లో జర్మన్ వైద్యుడు లుడ్విగ్ వర్ణించిన ఆ స్థితికి ఇప్పటికీ ఆయన పేరే ఉంది. గడ్డం కింద రెండు వైపులా కర్రలా గట్టిపడటం, నాలుక పైకి లేవడం, ఉమ్మి మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే 108కి ఫోను చేయండి. అది ఊపిరికే అడ్డం పడుతుంది.

నాన్నగారికి పక్షవాతం వచ్చినప్పటి నుంచి అన్నం తినేటప్పుడు తరచూ పొలమారుతోంది. పది రోజులుగా దగ్గు, తెమడ దుర్వాసన.

పొలమారినప్పుడు నోటిలోని ఉమ్మి, దానితో పాటు చిగుళ్ల సందుల్లోని బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లోకి జారతాయి. ఆరోగ్యవంతుడు దగ్గి బయటికి నెట్టేస్తాడు. పక్షవాతం, మూర్ఛ, బాగా తాగిన మత్తు ఉన్నవాళ్లలో ఆ దగ్గు సరిగా పనిచేయదు. వారాల్లో ఊపిరితిత్తిలో చీముగడ్డ ఏర్పడవచ్చు. దుర్వాసనతో తెమడ, రాత్రి చెమటలు, బరువు తగ్గడం ఉంటే వెంటనే ఎక్స్‌రే తీయించండి. ఇవే లక్షణాలు క్షయలోనూ ఉంటాయి కాబట్టి తెమడ పరీక్ష రెండింటికీ జరగాలి. పళ్లు లేనివాళ్ల నోటిలో ఈ బ్యాక్టీరియా తక్కువ. వాళ్లలో ఇలాంటి గడ్డ కనబడితే లోపల ఊపిరి గొట్టానికి ఏదైనా అడ్డం ఉందేమోనని, కేన్సరేమోనని వైద్యులు వెతుకుతారు. ఇంట్లో మీరు చేయగలిగింది చాలా ఉంది. నిటారుగా కూర్చోబెట్టి తినిపించండి, తిన్నాక అరగంట పడుకోనివ్వకండి, రోజుకు రెండుసార్లు ఆయన నోరు శుభ్రం చేయండి.

కడుపునొప్పితో మెలికలు తిరిగిపోయాడు, ఒక్కసారిగా తగ్గింది. ఆసుపత్రికి వెళ్లాలా?

కుడివైపు కింది కడుపులో తీవ్రంగా ఉన్న నొప్పి హఠాత్తుగా తగ్గితే సంతోషించవద్దు. ఉబ్బిన ఉండుకం పగిలినప్పుడు ఒత్తిడి తగ్గి కాసేపు హాయిగా అనిపిస్తుంది. ఆ తరువాత పేగులోని బ్యాక్టీరియా కడుపంతా పరుచుకుని జ్వరం, ఉబ్బరం మొదలవుతాయి. వెంటనే వెళ్లండి. ఏమీ తినిపించకండి.

బాబు చెవిలో ఏళ్లుగా చీము కారుతోంది. గోరువెచ్చని నూనె పోస్తే ఎండిపోతుందని అమ్మమ్మ అంటోంది.

పోయవద్దు. చెవిగూబకు కన్నం ఉంటే నూనె లోపలికి వెళ్లి తడి పెంచుతుంది. దుర్వాసనతో కారే చీము ఉంటే చెవి వెనక ఎముక తినుకుపోతోందేమో ముక్కు-చెవి-గొంతు నిపుణులు చూడాలి. ఆ ఎముకకు అవతల మెదడు ఉంది. చీము కారే పిల్లవాడికి తలనొప్పి, వాంతులు, జ్వరం, మగత వస్తే అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

తెల్లబట్ట చేపవాసనతో అవుతోంది. శుభ్రంగా లేకపోవడం వల్లేనా? అడగడానికే ఇబ్బందిగా ఉంది.

శుభ్రత లోపం వల్ల కాదమ్మా. అక్కడ సహజంగా ఉండే లాక్టోబాసిల్లస్‌లు ఆమ్లం తయారుచేసి పీహెచ్‌ను (పులుపును చూపే కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.5 లోపల ఉంచుతాయి. అవి తగ్గితే గార్డ్‌నెరెల్లా, అవాయు జాతులు పెరిగి ఆ వాసన వస్తుంది. సబ్బుతో, డెట్టాలుతో లోపల కడిగితే మిగిలిన మంచి బ్యాక్టీరియా కూడా పోయి ఇంకా పెరుగుతుంది. చిన్న పరీక్షతో తేలుతుంది, సాధారణంగా వారం రోజుల మందుతో తగ్గుతుంది. గర్భంతో ఉంటే తప్పక చూపించుకోండి. కింది కడుపులో నొప్పి, జ్వరం కూడా ఉంటే గర్భాశయ నాళాల దాకా పాకిందేమో చూడాలి.

మొటిమలు కూడా వీటివల్లేనా?

కొంతవరకు. క్యూటిబాక్టీరియం ఏక్నీస్ అందరి చర్మం మీదా ఉంటుంది. నూనె గ్రంథి మూతబడి, హార్మోన్ల వల్ల నూనె పెరిగినప్పుడే వాపు వస్తుంది. పిండి చీము తీయకండి.

దవడ కింద గట్టి గడ్డ. కన్నాల నుంచి పసుపు రవ్వలు రాలుతున్నాయి. కేన్సరా?

కావచ్చు, క్షయ కావచ్చు, యాక్టినోమైకోసిస్ అనే అవాయు ఇన్ఫెక్షన్ కూడా కావచ్చు. మూడూ ఒకదానిలా మరొకటి కనిపిస్తాయి, ముక్క తీసి చూడనిదే తేలదు. ఆ పసుపు రవ్వలు బ్యాక్టీరియా గుంపులే. రాలినవాటిని పారేయకుండా శుభ్రమైన సీసాలో తెచ్చి ఇవ్వండి, మాకు అవి బంగారం. చికిత్స పెన్సిలిన్‌తో, తరచుగా 6 నుంచి 12 నెలలు. దీన్ని మదురై పాదంతో కలిపేస్తుంటారు. 19వ శతాబ్దంలో మదురైలో వర్ణించినందున ఆ పేరు వచ్చిన పాదరోగం కూడా రవ్వలు రాలుస్తుంది. దానికి కారణం ఆక్సిజన్‌తో బతికే బ్యాక్టీరియా లేదా శిలీంధ్రం, మందులు కూడా వేరు.

## పరీక్ష దగ్గర

చీము మా కళ్లతో చూశాం. కల్చర్ రిపోర్టులో ‘ఏమీ పెరగలేదు’ అని వచ్చింది. పరీక్ష తప్పా?

నాకు ఎదురయ్యే ప్రశ్నల్లో మొదటి స్థానం దీనిదే. చాలాసార్లు బ్యాక్టీరియా మా బల్ల మీదికి రాకముందే చచ్చిపోయి ఉంటాయి. దూది చుట్టిన పుల్లతో చీము అద్ది, దాన్ని మధ్యాహ్నం దాకా వార్డులో ఉంచి పంపితే గాలి తగిలి అవి బతకవు. సాధారణ కల్చర్ అంటే నమూనాలోని బ్యాక్టీరియాను ఆక్సిజన్ ఉన్న పెట్టెలో పెంచడమే, అందులో ఇవి పెరగవు. అవాయు కల్చర్ కావాలని విడిగా రాయాలి.

సరైన పద్ధతి ఏమిటంటే, గడ్డలోకి సూది గుచ్చి సిరంజితో చీము లాగి, గాలిబుడగ బయటికి వదిలి, అవాయు రవాణా సీసాలో వెంటనే పంపడం. ప్రయోగశాలలో ఆక్సిజన్‌ను పీల్చేసే పొట్లం వేసిన బిగుతు జాడీలో పెంచుతాం. ఉడికించిన మాంసపు ముక్కలున్న రాబర్ట్‌సన్ మాధ్యమం (బ్యాక్టీరియాను పెంచే ఆహారం) మీద కొందరు పారఫిన్ నూనె పొర పోస్తారు. ఆవకాయ మీద నూనె తేలేలా చూసుకునే మనకు ఆ కిటుకు కొత్తేమీ కాదు.

కల్చర్‌లో ఏమీ రాకపోయినా గ్రామ్ రంగు (సూక్ష్మదర్శినిలో బ్యాక్టీరియా కనిపించేలా వేసే రంగు) వేసిన గాజు పలక మీద రకరకాల బ్యాక్టీరియా కనిపించి ఉంటే, అవాయు జాతులు ఉన్నాయని అనుమానించడానికి అదే ఆధారం. రిపోర్టులో ఆ వాక్యం ఉందేమో డాక్టరును చూడమనండి.

పుండు మీది చీము ఇస్తే చాలదా, సూది ఎందుకు?

పుండు పైభాగంలో చర్మం, నోరు, పేగుల సాధారణ బ్యాక్టీరియా ఎప్పుడూ ఉంటాయి. వాటిని పెంచి రిపోర్టు ఇస్తే రోగకారకం ఏదో తేలదు. మూసి ఉన్న గడ్డ లోపలి చీము, లోతు నుంచి తీసిన కణజాలపు ముక్క నిజం చెబుతాయి.

సోమవారం ఇచ్చాం, శుక్రవారం దాకా రిపోర్టు లేదు. ఎందుకింత ఆలస్యం?

ఇవి నెమ్మదిగా పెరుగుతాయి. జాడీని మొదటి 48 గంటలు తెరవకూడదు. తెరిస్తే గాలి తగిలి పెరుగుతున్నవి ఆగిపోతాయి. ఆ తరువాత కలిసి ఉన్న నాలుగు రకాలను విడదీసి, ఒక్కొక్కటీ నిజంగా అవాయు జాతేనా అని మళ్లీ రెండు రోజులు పెంచి చూడాలి. యాక్టినోమైకోసిస్ తెచ్చే యాక్టినోమైసిస్ అయితే రెండు వారాలు పట్టవచ్చు. ఈలోగా చికిత్స ఆగదు. ఏ చోట ఏ బ్యాక్టీరియా ఉంటాయో తెలుసు కాబట్టి డాక్టరు దాన్ని బట్టి మందు మొదలుపెడతారు.

రక్తం రెండు సీసాల్లో పోశారు. డబ్బు కోసమా?

కాదు. ఒకటి ఆక్సిజన్ ఉన్న సీసా, మరొకటి లేనిది. రక్తంలో ఏ రకం ఉందో ముందుగా తెలియదు కాబట్టి రెండూ కావాలి. సాధారణంగా 5 రోజులు గమనిస్తారు.

## మందులు వాడేటప్పుడు

ఒక్క ఇన్ఫెక్షనుకు రెండు, మూడు యాంటీబయాటిక్‌లా?

కడుపు ఇన్ఫెక్షన్లలో దీనికి గట్టి కారణం ఉంది. 1970లలో అమెరికాలో ఎలుకల కడుపులో పేగు పదార్థం పెట్టి చూశారు. మొదటి రోజుల్లో ఈ. కోలై వంటివి రక్తంలో చేరి చాలా ఎలుకలు చచ్చిపోయాయి. బతికినవాటికి వారం తరువాత అవాయు బ్యాక్టీరియాతో చీముగడ్డలు కట్టాయి. జెంటామైసిన్ ఒక్కటే ఇస్తే మరణాలు తగ్గాయి, గడ్డలు తగ్గలేదు. క్లిండామైసిన్ ఒక్కటే ఇస్తే గడ్డలు తగ్గాయి, మరణాలు తగ్గలేదు. రెండూ కలిపితేనే రెండూ తగ్గాయి. జెంటామైసిన్, అమికాసిన్ వంటివి బ్యాక్టీరియా లోపలికి వెళ్లాలంటే ఆక్సిజన్ కావాలి, అందుకే అవాయు జాతుల మీద అవి పనిచేయవు. పిపెరాసిలిన్-టాజోబాక్టమ్ లాంటి మందులు రెండు వర్గాలనూ పట్టుకుంటాయి, అప్పుడు ఒక్కటే సరిపోవచ్చు.

మెట్రోనిడజోల్ మొదలుపెట్టాక నోరంతా ఇనుము నాకినట్టు ఉంది. మానేయనా?

మానకండి. ఆ రుచి చాలామందికి వస్తుంది, మందు ఆపాక పోతుంది. మూత్రం ముదురు రంగులో వచ్చినా భయం లేదు. అరికాళ్లలో తిమ్మిరి, మంటలు మొదలైతే మాత్రం వెంటనే చెప్పండి, ఎక్కువకాలం వాడితే నరాలు దెబ్బతినవచ్చు. రక్తం పలచన చేసే వార్ఫరిన్, అసినోకుమరాల్ వేసుకునేవాళ్లు ముందే డాక్టరుకు చెప్పాలి. వాడుతున్నన్నాళ్లూ, ఆపాక రెండు మూడు రోజులూ మద్యం వద్దు. ద్రాక్షారిష్టం, అశోకారిష్టం వంటి అరిష్టాల్లో పులిసి పుట్టిన ఆల్కహాలు ఉంటుందని చాలామందికి తోచదు, అవి కూడా ఆపండి.

ఈ మందు మొదట ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి కోసం వచ్చింది. ఆ జబ్బుకు దీన్ని వాడిన ఒకామెకు చిగుళ్ల పుండ్లు కూడా మానిపోయాయని లండన్ దంతవైద్యుడు డేవిడ్ షిన్ 1962లో రాశాడు. అవాయు బ్యాక్టీరియా మీద దీని శక్తి అలా బయటపడింది. ఆక్సిజన్ లేని కణంలోకి వెళ్లాకే ఇది విషంగా మారి డీఎన్ఏను తెంచుతుంది.

విరేచనాలు పట్టుకుంటే మందుల షాపులో ఆఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ ఇస్తారు. రెండు పూటలకే తగ్గుతుంది. తప్పేమిటి?

చాలా నీళ్ల విరేచనాలు వైరస్‌ల వల్ల వస్తాయి, రెండు మూడు రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి. పేరు మాత్రకు వెళ్తుంది, నష్టం పేగులోని మేలుచేసే బ్యాక్టీరియాకు వెళ్తుంది. రెండు మాత్రలతో ఆపేస్తే, చావకుండా మిగిలినవి తట్టుకోవడం నేర్చుకుంటాయి. యాంటీబయాటిక్‌ల దుర్వినియోగాన్ని అరికట్టాలని దేశంలోని వైద్యసంఘాలు 2012లో చేసిన ప్రకటన పేరే ‘చెన్నై డిక్లరేషన్’. ఈ నగరం పేరుతో వచ్చిన ఆ మాటను ఈ నగరంలోనే మరచిపోవడం నాకు బాధగా ఉంటుంది. ఓఆర్‌ఎస్, మజ్జిగ, గంజి ఇవ్వండి. విరేచనంలో రక్తం, తీవ్ర జ్వరం, మూత్రం తగ్గడం ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

వారం నుంచి ఇంజెక్షన్లు ఇస్తున్నా జ్వరం దిగలేదు. ఇప్పుడు గొట్టం పెట్టి చీము తీయాలంటున్నారు. వేరే మందు మార్చలేరా?

గట్టి గోడ కట్టుకున్న చీముగడ్డ లోపలికి రక్తం వెళ్లదు, రక్తంలో ఉన్న మందు కూడా సరిగా చేరదు. చీము బయటికి రావలసిందే. ఇప్పుడు చాలాసార్లు కడుపు కోయనక్కర్లేదు. స్కానింగ్‌లో చూస్తూ సన్నని గొట్టం పెడతారు. చీము పోతే ఒత్తిడి తగ్గుతుంది, రక్తం అందుతుంది, ఆక్సిజన్ వస్తుంది, మందు పనిచేస్తుంది. ఒప్పుకోవడానికి మూడు రోజులు ఆలోచించే కుటుంబాలకు నేను చెప్పేది ఒక్కటే, ఆ మూడు రోజులూ రోగి ఒంట్లో చీము పెరుగుతూనే ఉంటుంది.

యాంటీబయాటిక్ వేసుకున్నాక రోజుకు ఏడెనిమిది విరేచనాలు. మందు వేడి చేసిందా?

వేడి కాదు. యాంటీబయాటిక్ పేగులోని సాధారణ బ్యాక్టీరియాను చంపితే, ఖాళీ అయిన చోట క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసైల్ పెరిగి విషాలు వదలవచ్చు. పెద్ద వయసువాళ్లలో, ఆసుపత్రిలో ఎక్కువ రోజులున్నవాళ్లలో ఎక్కువ. మందు ఆపిన కొన్ని వారాలకు కూడా రావచ్చు. విరేచనాలు ఆపే మాత్రలు సొంతంగా వేసుకోకండి. మల పరీక్షలో విషం కోసం చూస్తారు, నోటి ద్వారా వాంకోమైసిన్ లేదా ఫిడాక్సోమైసిన్ ఇస్తారు. దీని బీజాలు (గట్టి పెంకులో నిద్రపోతున్నట్టు ఉండే రూపాలు) శానిటైజరుకు చావవు, సబ్బూ నీళ్లతో రుద్ది కడగాలి. పదే పదే తిరగబెట్టేవాళ్లకు ఆరోగ్యవంతుల మలంలోని బ్యాక్టీరియాను పేగులోకి ఎక్కిస్తారు. వినడానికి ఎలా ఉన్నా, 2013లో నెదర్లాండ్స్‌లో జరిగిన పరీక్షలో అది వాంకోమైసిన్ కంటే ఎంతో బాగా పనిచేసింది.

## రాకుండా చూసుకోవడం, ఇంటికి వెళ్లాక

తుప్పు మేకు గుచ్చుకుంది. ప్రతిసారీ టీటీ వేయించుకోవాలా?

ధనుర్వాతం తెచ్చే క్లాస్ట్రిడియం టెటాని మట్టిలో, పశువుల పేడలో ఉంటుంది. తుప్పుతో సంబంధం లేదు. మేకు గాయం లోతుగా, సన్నగా ఉండి గాలి ఆడకపోవడమే దానికి అనుకూలం. చిన్నప్పటి టీకాలన్నీ పూర్తయినవాళ్లకు శుభ్రమైన చిన్న గాయమైతే చివరి టీకా వేసి 10 ఏళ్లు దాటితేనే మరొకటి కావాలి. మట్టి అంటిన లేదా లోతైన గాయమైతే 5 ఏళ్లు దాటితే వేయించుకోవాలి. టీకాల సంగతి గుర్తులేకపోతే డాక్టరుకు అదే చెప్పండి. గర్భిణులకు టీకా, శుభ్రమైన కాన్పు వల్ల మన దేశం 2015లో బాలింతల, నవజాత శిశువుల ధనుర్వాతాన్ని నిర్మూలించిన దేశంగా గుర్తింపు పొందింది. బొడ్డు మీద పేడ, బూడిద, పసుపు ఏదీ పెట్టకండి.

పుట్టిన బిడ్డకు తేనె నాకిస్తే తప్పా? మా ఇంట్లో అందరికీ అలాగే చేశారు.

ఏడాది నిండేదాకా వద్దు. తేనెలో క్లాస్ట్రిడియం బోటులినం బీజాలు ఉండవచ్చు. పెద్దల పేగులో ఉన్న బ్యాక్టీరియా వాటిని మొలకెత్తనివ్వవు. పసిబిడ్డ పేగు ఇంకా నిండలేదు కాబట్టి అక్కడే మొలకెత్తి విషం తయారుచేస్తాయి. మలబద్ధకం, పాలు చీకలేకపోవడం, మెడ వాలిపోవడం, ఏడుపు బలహీనపడటం దీని గుర్తులు. వైద్యలోకం ఈ జబ్బును 1976లో గుర్తించింది. అమ్మమ్మలకు తెలియకపోవడంలో వాళ్ల తప్పేమీ లేదు.

పెరుగు ఎక్కువ తింటే పోయిన బ్యాక్టీరియా తిరిగి వస్తాయా?

పెరుగు మంచి ఆహారం. అందులోని బ్యాక్టీరియా పెద్దపేగులోని అవాయు జాతులు మాత్రం కావు, అక్కడ స్థిరపడవు కూడా. పోయినవి తిరిగి పెరగడానికి సమయం, పీచు కావాలి. ఆకుకూరలు, పప్పులు, చిరుధాన్యాలు కడుపుకు పడినంత తినండి.

డిశ్చార్జి చేశారు, రేపు నెల్లూరు వెళ్లిపోతున్నాం. వెంట ఏమేం తీసుకెళ్లాలి?

డిశ్చార్జి కాగితం, కల్చర్ రిపోర్టు, స్కానింగ్ ఫిల్ములు తీసుకెళ్లండి. కొన్ని కల్చర్ రిపోర్టులు మీరు వెళ్లిపోయాక వస్తాయి. వెళ్లేముందు నమూనా సంఖ్య రాసుకుని, ఫలితం ఎవరిని అడగాలో కనుక్కోండి. గొట్టం ఇంకా ఉంటే రోజూ ఎంత చీము వచ్చిందో, రంగు ఎలా ఉందో రాయండి. మళ్లీ జ్వరం వచ్చినా, గొట్టంలో చీము హఠాత్తుగా ఆగిపోయినా, పుండు వాసన తిరిగి మొదలైనా తదుపరి తేదీ కోసం ఎదురుచూడకుండా దగ్గరున్న ఆసుపత్రికి వెళ్లి ఈ కాగితాలు చూపించండి. మందుల చీటీని అలాగే మడిచి పెట్టుకోకుండా, ఏ మాత్ర ఏ పూట, ఏ తేదీ వరకు అన్నది ఒక కాగితం మీద మీ చేత్తో తెలుగులో రాసుకోండి. వార్డు వదిలే ముందు దాన్ని నర్సుకు గానీ డాక్టరుకు గానీ చదివి వినిపించండి. వాళ్లకు తెలుగు రాకపోయినా మాత్రల పేర్లూ తేదీలూ అర్థమవుతాయి, తేడా ఉంటే అక్కడే దిద్దుతారు.